తుపాన్ల నెలల్లో ఇంటి ఫైబర్ తీయించేసి హాట్‌స్పాట్‌కు మారాలనుకుంటే

ఫోన్‌లో 5జీ బాగానే వస్తోంది కదా, ఇంటికి వేరే నెట్ బిల్లు ఎందుకు అనిపిస్తే, విశాఖలో ఫైబర్ తీయించే పని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆపండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు కరెంటుతో పాటు సెల్ సిగ్నల్ కూడా పోయింది. కరెంటు లేకపోతే టవర్‌ను బ్యాటరీలు కొన్ని గంటలే నడుపుతాయి, ఆపైన డీజిల్ జనరేటరే దిక్కు. రోడ్డుకు అడ్డంగా చెట్లు పడితే ఆ డీజిలూ చేరదు. స్తంభాల మీద వేలాడే ఫైబర్ కూడా తెగేదే. కాకపోతే రెండూ ఉన్న ఇంట్లో ఏదో ఒకటి ముందుగా బాగవుతుంది.

ఈలోగా ఫైబర్ ఉంచుకునే ఒక నెల పరీక్షించి చూడండి. ముందు ఫైబర్ కంపెనీ యాప్‌లో మీ ఇంటి నెలవారీ వాడకం ఎంతో చూడండి. హెచ్‌డీ వీడియో గంటకు సుమారు 3 జీబీ లాగుతుంది. అంటే రోజుకు 2 జీబీ ప్యాక్ నలభై నిమిషాల్లో ఖాళీ. ఆ తర్వాత చాలా ప్యాక్‌ల్లో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, దాంతో వాట్సాప్ సందేశాలు వెళ్లినా ఆన్‌లైన్ క్లాసు మాత్రం నడవదు. ‘అపరిమిత 5జీ’ అన్నచోట హాట్‌స్పాట్ గురించి ఏం రాశారో షరతుల్లో చదవండి. ఫోన్ 4జీకి జారితే మళ్లీ రోజు కోటాలోంచే కోత పడవచ్చు.

సిగ్నల్‌ను గీతలు చూసి నమ్మవద్దు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ వరుసలో వెళితే సిగ్నల్ బలం డీబీఎంలో అంకెగా కనిపిస్తుంది. అది సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం: −80 లాగా −90 కంటే సున్నాకు దగ్గరగా ఉంటే హాయి, −115 లాగా −110 దాటి కిందికి పోతే ఆ చోటు పనికిరాదు. కిటికీ కిటికీకీ వెళ్లి రాసుకోండి. కొండను ఆనుకున్న ఇళ్లలో ఒక వైపు గదికీ ఇంకో వైపు గదికీ చాలా తేడా వస్తుంది. స్పీడ్ టెస్టు మధ్యాహ్నం కాదు, రాత్రి 8 నుంచి 10 మధ్య చేయండి. టవర్ మీద రద్దీ ఉండేది అప్పుడే.

చాలామంది మరిచిపోయే సంగతి వైఫై కాలింగ్, అంటే టవర్ బదులు ఇంటి వైఫై మీదుగా కాల్స్ రావడం. సిగ్నల్ అందని గదిలో ఇన్నాళ్లూ మీ ఫోన్ మోగుతున్నది ఫైబర్ పుణ్యాన కావచ్చు. వైఫై ఆపేసి ఆ గదిలో ఒక రోజు కాల్స్ వస్తున్నాయేమో చూడండి. రాకపోతే, ఫైబర్ తీసేశాక ఆ గదిలో కాల్సూ పోతాయి.

రోజంతా ఛార్జింగ్‌లో పెట్టి హాట్‌స్పాట్ నడిపితే వేడికి బ్యాటరీ ఉబ్బవచ్చు. కవర్ తీసేయండి, ఎండ తగిలే గట్టు మీద పెట్టకండి, 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి. వెనక మూత కొంచెం లేచినా ఆ ఫోన్ వాడకం మానేయండి. రోజూ వాడేటట్లయితే సిమ్ వేసే రౌటర్ కొనడమే మేలు. సముద్రం దగ్గరి ఇళ్లలో దాన్ని బాల్కనీలో పెట్టకండి, ఉప్పుగాలికి యాంటెన్నా కనెక్టర్లు తుప్పు పడతాయి.

ల్యాప్‌టాప్‌లో హాట్‌స్పాట్ వైఫైని మీటర్డ్ కనెక్షన్‌గా (డేటాకు పరిమితి ఉన్నదిగా) గుర్తించండి, లేకపోతే విండోస్ అప్‌డేట్లు ఒక్క పూటలో కోటా తినేయవచ్చు. హాట్‌స్పాట్ బ్యాండ్ సెట్టింగ్‌లో గోడ అవతల గదికి 2.4 గిగాహెర్ట్జ్, అదే గదిలో అయితే 5 గిగాహెర్ట్జ్ పెట్టుకోండి.

తుపాను హెచ్చరిక రాగానే చేయాల్సినవి: ఇంట్లో వేరే కంపెనీ సిమ్ ఒకటి రీఛార్జ్ చేసి సిద్ధంగా ఉంచండి. పవర్‌బ్యాంక్ నింపుకోండి, 10,000 ఎంఏహెచ్‌ది 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను ఒకసారికి కాస్త ఎక్కువే నింపుతుంది, రెండుసార్లు కాదు. నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్‌లో, రోమింగ్‌ను ఆన్‌లో ఉంచండి. ఒక కంపెనీ టవర్లు పడిపోయి ఇతర కంపెనీల సిగ్నల్ వాడుకోనిస్తే మీ ఫోన్ దానికి తగులుకుంటుంది. కరెంటు పోయాక హాట్‌స్పాట్ ఆపేయండి. డేటా కదలకపోయినా ఎస్ఎంఎస్ వెళ్లే అవకాశం ఉంది. క్షేమ సమాచారం అందులోనే పంపండి.