ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) శాస్త్రవేత్త ప్రచురణల రికార్డును పరిశీలించడం ఎలా?

అనంతపురం, చిత్తూరు, కర్నూలు ప్రాంతాల నుంచి పీహెచ్‌డీ కోసం బెంగళూరు వచ్చే తెలుగు విద్యార్థులు చాలామంది గైడును ఎంచుకునేటప్పుడు మొదట చూసేది గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌లోని హెచ్-ఇండెక్సునే, అంటే పేపర్లను ఇతరులు ఎంతగా ఉదహరించారో చెప్పే అంకెనే. భారతీయ విజ్ఞాన సంస్థలోనైనా, జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయ ఆవరణలోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం (ఎన్‌సీబీఎస్)లోనైనా, జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలోనైనా ఐదారేళ్లు ఒకే ల్యాబ్‌లో గడపబోయేవారు ఆ ఒక్క అంకెను నమ్ముకుని నిర్ణయం తీసుకోకూడదు. ఒక పూట కేటాయిస్తే ఆ అంకె వెనుక ఏముందో ఎవరైనా తెలుసుకోవచ్చు.

ముందుగా ఆ పేపర్లన్నీ ఆ వ్యక్తివేనా అన్నది తేల్చుకోవాలి. మన పేర్ల విషయంలో ఇది చిన్న పని కాదు. ఇంటిపేరును ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంగా రాయడం వల్లా, పేరు చివరనున్న రెడ్డి, రావు, కుమార్ వంటి మాటలనే జర్నళ్లు ఇంటిపేరుగా నమోదు చేయడం వల్లా ఒకే మనిషి రెండు మూడు పేర్లతో కనిపిస్తారు. అలాగే వైద్య, జీవశాస్త్ర పేపర్ల సూచిక అయిన పబ్‌మెడ్‌లో ‘రెడ్డి కె’ అని వెతికితే సంబంధంలేని ఎందరి పేపర్లో కలగలిసి వస్తాయి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన శాస్త్రవేత్తల తొలినాళ్ల పని లెక్కలోకి రాకుండా పోవడమూ ఉంది, అది వారికి నిజంగా అన్యాయం. పరిశోధకులకు ఇచ్చే, 2012లో మొదలైన ఆర్కిడ్ అనే పదహారు అంకెల గుర్తింపు సంఖ్య ల్యాబ్ వెబ్‌సైట్‌లో ఇచ్చి ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి. లేకపోతే పేరుతోపాటు సంస్థ, సహరచయితలు, పరిశోధనాంశం సరిపోలుతున్నాయో లేదో చూసుకుంటూ జాబితాను మీరే సిద్ధం చేసుకోండి.

తరువాత రచయితల వరుసను చూడాలి. జీవశాస్త్రాలలో సాధారణంగా ప్రయోగాలలో ముఖ్య భాగం చేసినవారి పేరు మొదట, ల్యాబ్ నడిపేవారి పేరు చివర ఉంటాయి. ఎంఆర్ఎన్ఏ టీకాలకు దారి వేసిన 2005 నాటి ‘ఇమ్యూనిటీ’ పేపర్‌లో కాటలిన్ కరికో పేరు మొదట, డ్రూ వైస్‌మన్ పేరు చివర ఉన్నాయి. మీరు పరిశీలిస్తున్నవారి పేరు చాలా పేపర్లలో మధ్యనే కనబడితే, ఆ పరిశోధనలకు ఆలోచన ఎవరిదో విడిగా కనుక్కోవాలి. ‘యూరోపియన్ జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీ’ 2019లో ప్రచురించిన ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా కొలిచే పద్ధతి) మార్గదర్శకాలకు వందలాది రచయితలున్నారు. అది ఎంతో ఉపయోగపడే రచనే, కాని దానికి వచ్చిన ప్రతి సైటేషనూ (మరో పేపర్ దాన్ని ఉదహరించడం) ఆ వందలాది మంది ఖాతాలలోనూ చేరుతుంది. సమీక్షా వ్యాసాలకూ మూల పరిశోధనకన్నా ఎక్కువ సైటేషన్లు రావడం మామూలే కనుక వాటినీ వేరుచేసి చూడాలి.

ఇక అంకెల సంగతి. భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ ఇరవై అంటే, కనీసం ఇరవైసార్లు ఉదహరించిన పేపర్లు ఇరవై ఉన్నాయని అర్థం. పరిశోధన మానేసినా అది తగ్గదు; అందుచేత ల్యాబ్ పెట్టి నాలుగేళ్లయినవారిని ముప్ఫయ్యేళ్ల అనుభవమున్నవారితో దీని ఆధారంగా పోల్చడం అర్థంలేని పని. గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలను, ప్రీప్రింట్లను (నిపుణుల సమీక్షకు ముందే బయటపెట్టిన పేపర్లను) కూడా లెక్కిస్తుంది కాబట్టి స్కోపస్ అనే మరో డేటాబేస్‌లోకన్నా అక్కడ అంకె సాధారణంగా పెద్దదిగా ఉంటుంది. ఇద్దరిని పోల్చేటప్పుడు ఇద్దరికీ ఒకే చోటి అంకెను తీసుకోవాలి. అమెరికా జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఉచితంగా అందిస్తున్న ఐసైట్ మరింత నమ్మదగిన సాధనమని నా అభిప్రాయం, ఎందుకంటే అది పేపరును అదే రంగంలో, అదే కాలంలో వచ్చిన పేపర్లతో పోల్చి చూపుతుంది. కోవిడ్ తొలి రెండు మూడేళ్లలో ఆ అంశంపై వచ్చిన పేపర్లకు అసాధారణంగా సైటేషన్లు పోగయ్యాయి. వాటిని పక్కన పెడితే మిగిలేదేమిటో చూడండి.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను మాత్రం వ్యక్తికి అంటగట్టకూడదు. అది జర్నల్ గత రెండేళ్ల పేపర్లకు వచ్చిన సైటేషన్ల సగటు మాత్రమే. రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే రెగ్యులేటరీ టీ కణాలపై షిమోన్ సకగుచి 1995లో వెలువరించిన కీలక పేపర్ ‘నేచర్’లోనో ‘సైన్స్’లోనో కాక ‘జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీ’లో వచ్చింది, ఆ పరిశోధనకు 2025లో నోబెల్ లభించింది. కరికో, వైస్‌మన్‌ల పేపరును కూడా మొదట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, వారికి నోబెల్ వచ్చింది 2023లో.

ఇవన్నీ అయ్యాక ల్యాబ్ సొంత పేపర్లలో మూడింటిని ఎంచుకుని, వాటిని ఉదహరించిన పేపర్లను తెరిచి, వాటి ప్రస్తావన వచ్చిన వాక్యాన్ని చదవండి. నేను అన్నిటికంటే విలువైనదిగా భావించే మెట్టు ఇదే. ఉపోద్ఘాతంలో పది పేపర్లతో కలిపి పేరు చెప్పి వదిలేశారా, వారి పద్ధతిని వాడుకున్నారా, లేక ఆ ఫలితం తమకు రాలేదని రాశారా అన్నది ఏ ఇండెక్సూ చెప్పదు. ఉదహరించినవారిలో ఎక్కువమంది అదే ల్యాబ్‌వారో, పాత సహరచయితలో అయితే ఆ సంగతీ రాసిపెట్టుకోండి.

చివరగా ప్రతి పేపరునూ పబ్‌మెడ్‌లో తెరిచి ఉపసంహరణ గుర్తు ఉందేమో చూడండి, పేపర్లపై చర్చ జరిగే పబ్‌పీర్ వెబ్‌సైట్‌లో చిత్రాల గురించి ఎవరైనా ప్రశ్నలు లేవనెత్తారేమో చదవండి. ప్రశ్న లేచినంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు. రచయితలు మూల డేటాతో సమాధానమిచ్చారా లేదా అన్నదే ముఖ్యం. ఆ తరువాత ల్యాబ్ నుంచి పట్టా తీసుకుని వెళ్లిన విద్యార్థుల పేర్లు వెతికి, వారిలో ఎంతమందికి మొదటి రచయితగా పేపర్ దక్కిందో, అది చేరిన ఎన్నేళ్లకు వచ్చిందో లెక్కగట్టండి.