సింకు పైపు మీరే బిగించుకుంటుంటే

సింకు కింది వంకీల పైపుని నేరుగా గోడలోని పైపులో దూర్చి వదిలేస్తే కాలవ వాసన, బొద్దింకలు రెండూ వంటింట్లోకి వస్తాయి. మధ్యలో బాటిల్ ట్రాప్ (అడుగున కొన్ని నీళ్లు నిలిచే సీసా లాంటి బిగింపు) పెట్టాల్సిందే. అందులో నిలబడే రెండంగుళాల నీళ్లే వాసనని ఆపేది. సైజు 40 ఎం.ఎం. తీసుకోండి. 32 చేతులు కడిగే బేసిన్‌కి సరిపోతుంది గానీ, చేపలు కడిగే మన నెల్లూరు ఇళ్లలో పొలుసులకి ఇట్టే పూడిపోతుంది.

సింకు రంధ్రంలో కూర్చునే జాలీ అంచు కింద సన్నగా సిలికాన్ పూయండి, రబ్బరు వాషరు సింకు అడుగు వైపు రావాలి. ప్లాస్టిక్ నట్లు చేత్తో బిగించి, పైన పావు చుట్టు తిప్పితే చాలు. పానా వేసి లాగితే మర పగులుతుంది. వాటికి మర మీద చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు కూడా వద్దు. నీళ్లని ఆపేది వాషరే, మర కాదు. టేపు మందం వల్ల నట్టు పూర్తిగా దిగదు, కారుతుంది.

అడ్డం పైపుకి అడుగుకి పావంగుళం వాలు ఇవ్వండి. గోడ పైపు నోట్లో రబ్బరు రింగు వేయండి. ట్రాప్ జాయింట్లకి మాత్రం సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) పూయొద్దు. ఒంగోలు, కందుకూరు వైపు ఉప్పు బోరు నీళ్లు వాడే ఇళ్లలో సున్నం పేరుకుంటుంది, అప్పుడప్పుడూ విప్పి కడుక్కోవాలి.

అంతా అయ్యాక సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలండి, కింద పాత పేపరు పరిచి. సన్నటి ధారకి లీకు బయటపడదు.