కిరాయి కాగితంలో మారే మాటలు (రైటర్ పాఠాలు: 4వ భాగం)

పోయిన భాగంలో లిబ్రేఆఫీస్ రైటర్ అనే టైపింగ్ ప్రోగ్రాంలో కిరాయి అగ్రిమెంటును టెంప్లేట్‌గా, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే నమూనాగా, దాచుకున్నాం. ఈసారి అందులో మనిషి మనిషికీ మారే మాటల సంగతి.

హనుమకొండలో మా టైపింగ్ షాపుకు వచ్చేవి ఎక్కువగా 11 నెలల అగ్రిమెంట్లే. పాత ఫైలు తెరవడం, పేర్లు మార్చడం, ప్రింటు తీయడం, ఇదే పని. ఒకసారి అట్లా ఇచ్చిన కాగితం పట్టుకుని కస్టమర్ సాయంత్రానికే తిరిగొచ్చాడు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో రాసిన చోట, అంతకుముందు వారం వచ్చినాయన పేరు అట్లాగే ఉంది. కొత్త స్టాంపు పేపరు డబ్బులు నేనే పెట్టుకున్నాను.

ఫైండ్ అండ్ రీప్లేస్ ఉంది కదా అంటారు. 'రాజు'ను 'రవి' చేయమంటే 'రాజుపేట' కూడా 'రవిపేట' అయి కూర్చుంటుంది.

మాటను ఒక్కచోట రాస్తే, కావలసిన చోటల్లా అదే వచ్చి కూర్చోవాలి. లేటెక్ (ఆదేశాలు టైపు చేసి కాగితాలు, పుస్తకాలు కూర్చే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు ఇందుకు మాక్రో, అంటే ఆ మాటకు ఒక పొట్టి పేరు, రాసుకుంటారు. రైటర్‌లో ఈ పని యూజర్ ఫీల్డ్ (మనం పేరు పెట్టి, మాట నింపుకునే గడి) చేస్తుంది. (రైటర్‌లో మాక్రో అంటే చిన్న ప్రోగ్రాం. దాని జోలికి ఇప్పుడు పోవద్దు.)

జిల్లా పేరు రావలసిన చోట కర్సర్ పెట్టి కంట్రోల్, ఎఫ్2 కలిపి నొక్కండి, ఫీల్డ్స్ పెట్టె తెరుచుకుంటుంది. వేరియబుల్స్ ట్యాబ్‌లో యూజర్ ఫీల్డ్ ఎంచుకుని, ఫార్మాట్ టెక్స్ట్ పెట్టండి. నేమ్ దగ్గర 'జిల్లా' అని ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీ లేకుండా కొట్టండి. వాల్యూ దగ్గర తెలుగులో 'హనుమకొండ' అని రాసి, పక్కనున్న టిక్కు గుర్తు నొక్కి, ఇన్సర్ట్ అనండి. పెట్టె మూయకుండానే కర్సర్‌ను ఇంకోచోటికి జరిపి మళ్లీ ఇన్సర్ట్ అనొచ్చు. పేరు వెనక బూడిదరంగు కనిపిస్తుంది, అది ప్రింటులో రాదు. ఎక్కడ ఏ ఫీల్డ్ ఉందో చూడాలంటే కంట్రోల్, ఎఫ్9.

పక్కనే సెట్ వేరియబుల్ అని ఒకటుంటుంది, పొరపాటున దాన్ని ముట్టుకోకండి. దాని విలువ పెట్టిన చోటునుంచి కిందికే పనిచేస్తుంది. యూజర్ ఫీల్డ్‌ది ఫైలు మొత్తానికీ ఒకటే విలువ. మార్చాలంటే ఏదో ఒకచోట డబుల్ క్లిక్ చేసి కొత్త మాట రాస్తే చాలు.

ఈ విద్య నాకు ముందే తెలిసుంటే ఎంత బాగుండేదో! 2016లో మా జిల్లా వరంగల్ అర్బన్ అయింది, 2021లో హనుమకొండ అయింది. రెండుసార్లూ ప్రతి ఫైలులో ప్రతి పేజీ వెతికి మార్చాను.

ఇంతవరకు సులువే. అసలు చిక్కు తెలుగు విభక్తులతో వస్తుంది. 'ఊరు' అనే ఫీల్డ్ పెట్టి, దాని పక్కన 'కు చెందిన' అని రాశారనుకోండి. పరకాల అయితే 'పరకాలకు', బాగానే ఉంది. భూపాలపల్లి వస్తే 'భూపాలపల్లికు' అని తప్పుగా పడుతుంది. ఏటూరునాగారం వస్తే 'ఏటూరునాగారంకు' అవుతుంది, కావలసింది 'ఏటూరునాగారానికి'. ఈ మార్పులు రైటర్‌కు తెలియవు.

అందుకని ఫీల్డ్‌కు ప్రత్యయం అంటించొద్దు. మధ్యలో ఒక మాట పెట్టి, ప్రత్యయం దానికి తగిలించండి. మనుషులకైతే 'గారు' ఉండనే ఉంది. పేరు రవి కానీ, ప్రసాద్ కానీ, మల్లయ్య కానీ, 'గారికి', 'గారి వద్ద' అంటే ఎక్కడా తేడా రాదు. ఊరికైతే 'వాస్తవ్యులు' అనండి. 'ఏటూరునాగారం వాస్తవ్యులు' అంటే ఏ అతుకూ అక్కర్లేదు. పాత దస్తావేజులు రాసినవాళ్లు ఈ మాటే వాడేవారు.

అభ్యాసం: మీ టెంప్లేట్‌లో యజమాని, కిరాయిదారు, ఊరు, జిల్లా ఫీల్డులు పెట్టండి. ఊరి విలువ మూడుసార్లు మార్చి, ప్రతిసారీ కాగితం పైకి చదవండి. నాలుక తట్టుకున్న చోట మధ్యలో మాట పడాలి. కిరాయికి మాత్రం రెండు ఫీల్డులు కావాలి, అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి. 8,000ను 9,000 చేసినంత మాత్రాన 'ఎనిమిది వేలు' తనంతట తాను 'తొమ్మిది వేలు' కాదు.