ఉపగ్రహం టైముకి రాలేదా? ముందు డేటా చూడండి

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉపగ్రహాల సిగ్నల్ వినడానికి మేడెక్కి, యాంటెన్నా పట్టుకుని నిలబడ్డాక అది రాకపోతే అందరూ యాంటెన్నానే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు, ఉపగ్రహం ఎప్పుడు ఎటు వస్తుందో లెక్కగట్టే డేటాలో ఉంటుంది. అదే డేటా మనలాంటివాళ్ల గ్రూపులో పెడితే ఇంకో పదిమంది కూడా మేడెక్కి దిగుతారు.

సరిగ్గా ఐదున్నర గంటల తేడా

యూటీసీని, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక టైమును, మన టైము (ఐఎస్‌టీ) అనుకున్నారు. గ్రూపులో టైము రాస్తే పక్కన యూటీసీ అనో ఐఎస్‌టీ అనో తప్పకుండా రాయండి.

ఒకటి రెండు నిమిషాల తేడా

ఉపగ్రహం వచ్చే టైము చెప్పే యాప్‌లో ఊరు హైదరాబాద్ అనే ఉండిపోయిందేమో చూడండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సెకనుకు సుమారు 7.66 కిలోమీటర్లు పోతుంది. అయినా హైదరాబాద్‌కూ మనకూ ఉన్న దూరానికి, వచ్చే దిక్కును బట్టి, నిమిషం పైనే తేడా పడొచ్చు. శ్రీకాకుళానికి 18.3 ఉత్తరం, 83.9 తూర్పు; విజయనగరానికి 18.1, 83.4 కొట్టండి.

ఊరు సరిగ్గానే ఉంటే టీఎల్‌ఈ పాతదై ఉంటుంది. కక్ష్యను రెండు వరుసల అంకెల్లో రాసిన జాతకం అది. మొదటి వరుసలో తేదీ చెప్పే అంకె 25045.5 అని మొదలైతే 2025లో 45వ రోజు, అంటే ఫిబ్రవరి 14 మధ్యాహ్నం 12 గంటల యూటీసీ లెక్క. తక్కువ ఎత్తులో తిరిగేవాటిని పలచటి గాలి లాగుతూనే ఉంటుంది. సౌర తుఫాను వస్తే ఆ గాలి ఉబ్బి ఇంకా ఎక్కువ లాగుతుంది. 2022 ఫిబ్రవరిలో కొత్తగా పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో దాదాపు 40 అలాగే పోయాయి. అందుకే పాస్ (ఉపగ్రహం మన ఆకాశంలో దాటిపోవడం) ఉన్న రోజే సెలెస్‌ట్రాక్ వెబ్‌సైట్ నుంచి తాజా టీఎల్‌ఈ దింపుకోండి. గ్రూపులో పోయిన నెల ఎవరో పెట్టింది వద్దు.

యాప్ టీఎల్‌ఈని తీసుకోవట్లేదు

కాపీ చేసేటప్పుడు ఖాళీలు పోయాయి. ప్రతి వరుసలో ఖాళీలతో కలిపి 69 అక్షరాలుండాలి. మెసేజ్‌గా కాకుండా టెక్స్ట్ ఫైలుగా పంపితే ఈ గొడవ ఉండదు.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా ఏమీ వినపడదు

వాతావరణ చిత్రాల కోసం అమెరికా ఉపగ్రహాలు నోవా 15, 18, 19 వెతుకుతున్నారా? ఆ మూడింటినీ 2025లో ఆపేశారు. పాత వీడియోలు ఇంకా వాటినే పట్టుకోమంటున్నాయి. రష్యా మెటియోర్ ఎం2 శ్రేణి ఉపగ్రహాల వైపు మళ్లండి.

సిగ్నల్ వచ్చింది, కానీ దేనిదో తేలట్లేదు

అసలు చిక్కు ఇది. 2017 ఫిబ్రవరి 15న పీఎస్‌ఎల్‌వీ-సీ37 ఒకేసారి 104 ఉపగ్రహాలను వదిలింది. ఇలా గుంపుగా వెళ్లినప్పుడు మొదట్లో జాబితాలో ఆబ్జెక్ట్ ఏ, ఆబ్జెక్ట్ బీ అనే పేర్లే ఉంటాయి. ఏది ఎవరిదో తేల్చడానికి మేడల మీద విన్నవాళ్ల రికార్డింగులు నిజంగా పనికొస్తాయి.

437 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఉపగ్రహం మన వైపు వచ్చేటప్పుడు సుమారు 10 కిలోహెర్ట్జ్ ఎక్కువగా, దూరం పోయేటప్పుడు అంతే తక్కువగా వినిపిస్తుంది. ఆ మార్పును టైముతో గీస్తే వచ్చే వంపును ఒక్కో టీఎల్‌ఈతో పోల్చి చూస్తారు. ఇక్కడ కొంప ముంచేది లాప్‌టాప్ గడియారం. రెండు సెకన్ల తేడా అంటే కక్ష్యలో 15 కిలోమీటర్లు, పక్క ఉపగ్రహం మీదికి పోయినా పోవచ్చు. రికార్డింగుకు ముందు గడియారాన్ని ఇంటర్నెట్ టైముతో సరిచేయండి. రిపోర్టులో యూటీసీ టైము, మీ అక్షాంశ రేఖాంశాలు, ఫ్రీక్వెన్సీ, వాడిన టీఎల్‌ఈ తేదీ రాసి, ముడి ఫైలు కూడా జత చేయండి. పేరు ఊహించి మాత్రం పెట్టొద్దు.

ఇంత చాదస్తమా అంటారా? 2009 ఫిబ్రవరి 10న ఇరిడియం 33, కాస్మోస్ 2251 అనే ఉపగ్రహాలు ఢీకొన్నాయి. బహిరంగంగా దొరికే టీఎల్‌ఈల లెక్క ప్రకారం అవి 584 మీటర్ల ఎడంతో దాటిపోవాలి.

పడమటి పాస్ ఆలస్యంగా మొదలవుతోంది

కొండలు అడ్డం. సముద్రం వైపు అయితే ఈ బెడద లేదు. "వినపడలేదు" అన్న రిపోర్టు కూడా విలువైనదే, కానీ ఏ దిక్కున ఎన్ని డిగ్రీల వరకు అడ్డం ఉందో రాయండి. అదే యాంటెన్నాతో ఆ రోజు ఇంకో ఉపగ్రహం వినపడిందో లేదో కూడా చేర్చండి.