పదో తరగతి దాటిన పిల్లలు ఎక్కడికి పోయారు? బడిలోనే లెక్క తీసే పద్ధతి

చిత్తూరు జిల్లా పల్లె బడుల్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. చివరి ఏడేళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా. ఇప్పుడున్న హైస్కూలు బంగారుపాళెం వైపు ఉంది. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మాకు ఫోన్ల మీద ఫోన్లు. పాస్ శాతం ఎంత, ఐదొందలు దాటినవాళ్లు ఎందరు అని అందరూ అడుగుతారు. అదే పిల్లల్లో ఆగస్టు నాటికి కాలేజీలో ఎందరున్నారని నన్ను ఒక్కరూ అడగలేదు. ఈ లెక్క ఏ బడైనా సొంతంగా తీసుకోవచ్చు. ఒక లాంగ్ నోట్‌బుక్, బాధ్యత తీసుకునే ఒక టీచరు, ఏడాదికి నాలుగుసార్లు ఫోన్లు చేసే ఓపిక ఉంటే చాలు.

పని ఫలితాల తర్వాత కాదు, ఫిబ్రవరిలో మొదలుపెట్టాలి. పిల్లలు రోజూ ఎదురుగా కూర్చునే చివరి రోజులవి. అడ్మిషన్ రిజిస్టర్లో ఉన్న ఫోన్ నంబర్లను నమ్మొద్దు, సగం పనిచేయవు. ఒక్కొక్కరికి రెండు నంబర్లు రాయించండి: ఒకటి ఇంట్లోవాళ్లది, రెండోది ఆ ఊళ్లోనే ఉండిపోయే మనిషిది. అంగడి ఆయన కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు, మేనత్త కావచ్చు. కూలికి బెంగళూరు వెళ్లిన కుటుంబం నంబరు మార్చినా ఈ రెండో మనిషి దొరుకుతారు.

తర్వాత రెండు గడులు గీసి పిల్లల చేతే రాయించండి. 'నాకు ఏం చదవాలనుంది', 'ఇంట్లో ఏమంటున్నారు'. రెండింటినీ ఒకే గడిలో కలపకండి. ఒకసారి ఒకమ్మాయి మొదటి గడిలో 'బైపీసీ' అని, రెండో గడిలో 'జేజిని చూసుకోవాల' అని రాసింది. జేజి అంటే అవ్వ. మార్కుల జాబితా ఎంత చూసినా ఆ రెండో మాట నాకు తెలిసేది కాదు.

పేర్లు రాసేటప్పుడు పరీక్ష రాసినవాళ్లతో మొదలుపెట్టొద్దు. జూన్‌లో పదో తరగతి రోల్‌లో ఉన్న ప్రతి పేరూ ఎక్కించాలి. ఉదాహరణకు రోల్‌లో 40 మంది, పరీక్ష రాసింది 37, పాసైంది 33, కాలేజీలో నిలిచింది 28 అనుకోండి. పాసైనవాళ్లలో చూస్తే 85 శాతం, రోల్‌లో చూస్తే 70 శాతం. రెండూ రాయండి, దేని మీద లెక్కేశారో పక్కనే రాయండి. మధ్యలో మాయమైన ఆ ముగ్గురు కూడా మన పిల్లలే.

పెద్ద లెక్కలు ఉన్నాయి కదా, ఇదెందుకు అని ఒక యువ టీచరు నన్ను అడిగాడు. బడుల వివరాలు సేకరించే ప్రభుత్వ లెక్క యూడైస్ ప్లస్ ఉంది, ఉన్నత విద్యకు 2010-11 నుంచి కేంద్రం చేస్తున్న ఐషే సర్వే ఉంది. 2021-22 ఐషేలో దేశం మొత్తం మీద స్థూల నమోదు నిష్పత్తి 28.4. అంటే కాలేజీలు, యూనివర్సిటీల్లో నమోదైనవాళ్లందరినీ 18 నుంచి 23 ఏళ్ల వయసు జనాభాతో పోల్చి చూసిన సంఖ్య. జాతీయ విద్యా విధానం దాన్ని 2035 నాటికి 50కి చేర్చాలంటోంది. ఆ లెక్కలు అవసరమే. కానీ మా ఊరి నుంచి ఎవరు ఆగిపోయారో, ఎందుకు ఆగారో అవి చెప్పవు. తిరుపతిలో 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది, 1983 నుంచి పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, 2015లో ఐఐటీ, సైన్సు చదువుల సంస్థ ఐసర్ వచ్చాయి. మా బడి నుంచి అక్కడికి గంటన్నర, రెండు గంటల ప్రయాణం. మా పిల్లలు అక్కడికి చేరాలంటే ముందు ఇంటర్ మొదటి సంవత్సరం ఆగస్టు దాటాలి.

ఇప్పుడు అసలు చిక్కు, 'చేరింది' అనే మాట. నేను మొదటి ఏడాది ఇక్కడే తప్పు చేశాను. జూన్‌లో ఫోన్ చేస్తే ఒక తల్లి "చేర్పించినాం మేడమ్" అంది. టిక్కు పెట్టాను. ఆగస్టులో ఆ అమ్మాయి టమాటా తోటలో కాయలు కోస్తూ కనిపించింది. టీసీ ఇచ్చారు, ఫీజు కట్టారు, నాలుగు రోజులు వెళ్లింది, ఆగిపోయింది. తల్లి అబద్ధం చెప్పలేదు, నేను అడిగింది చాలలేదు. ఆ రోజు నుంచి ఒక టిక్కు బదులు మూడు పెడుతున్నాను: దరఖాస్తు ఇచ్చారా, అడ్మిషన్ నంబరు వచ్చిందా, గత వారంలో ఎన్ని రోజులు వెళ్లారు. మూడోది పిల్లనే అడగాలి. వీలైతే కాలేజీలో పనిచేసే లెక్చరర్‌ను కూడా అడగాలి. గెస్ట్‌గా పనిచేసే లెక్చరర్లు చాలామంది మన పల్లెలవాళ్లే, ఎవరు రావడం లేదో వాళ్లకు పేరు పేరునా తెలుసు.

ఫోన్లు చేయాల్సింది నాలుగుసార్లు: ఫలితాలైన వారానికి, జూన్ చివర, ఆగస్టు మధ్యలో, సంక్రాంతి సెలవుల్లో. ఫెయిలైన పిల్లలకు మాత్రం ఫలితాలు వచ్చిన రోజే చేయండి. సప్లిమెంటరీ ఫీజు గడువు చాలా తక్కువ ఉంటుంది. ఆ ఒక్క ఫోన్ ఆలస్యమైతే పిల్లకు ఒక ఏడాది పోతుంది.

జూన్, జూలై గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మా వైపు తోతాపురి మామిడి కోతలు, మండీలు, గుజ్జు ఫ్యాక్టరీల హడావిడి అంతా అప్పుడే. కాయలు కోయడానికి, లోడ్ ఎత్తడానికి, ఏరడానికి మనుషులు కావాలి. "సీజన్ అయిపోనీ మేడమ్, అప్పుడు చేర్పిస్తాం" అనే మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. సీజన్ అయ్యేసరికి కోరుకున్న గ్రూపులో సీటు ఉండదు, హాస్టల్ నిండిపోతుంది, క్లాసులు సగం జరిగిపోయి ఉంటాయి. తల్లిదండ్రుల మీద కోపం పెట్టుకోవద్దు, ఆ రెండు నెలల కూలీ ఆ ఇంటికి పెద్ద డబ్బు. ఏప్రిల్‌లోనే ఇంటికి వెళ్లి అడ్మిషన్ పని ముందు ముగించమని చెప్పండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు గ్రామ సచివాలయంలో అప్పుడే పెట్టించండి. నా నోట్‌బుక్కు వల్ల నేను మార్చుకున్న పనుల్లో అన్నిటికన్నా ఫలితం ఇచ్చింది ఇదే.

కారణం అడిగే తీరు కూడా ముఖ్యం. "ఎందుకు చేరలేదు?" అంటే "ఇష్టం లేదు" అనే జవాబే వస్తుంది. దానికి బదులు "పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేస్తున్నావమ్మా?" అని అడగండి. ఆవుల పాలు పితకడం, తమ్ముణ్ణి బడికి పంపడం, ఐదు గంటల బస్సు తప్పితే మళ్లీ బస్సు లేకపోవడం, అన్నీ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. వాళ్లు చెప్పిన మాటను చెప్పినట్టే రాయండి, 'ఆర్థిక సమస్య' అని మీ మాటల్లోకి మార్చకండి. స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలయ్యాక ఆడపిల్లలకు పల్లెవెలుగులో టికెట్ ఖర్చు లేదు. అయినా మా రెండు ఊళ్లకు సాయంత్రం బస్సే లేదు. నోట్‌బుక్కులో ఊరి గడి పెట్టకపోతే ఈ తేడా కనిపించేది కాదు.

సరిహద్దు జిల్లా కాబట్టి ఇంకో మాట. బంధువులున్నారని ఇంటర్‌కు బెంగళూరో వేలూరో పంపేవాళ్లున్నారు. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు ఇక్కడ లేకపోతే ఇంజినీరింగ్ లాంటి కోర్సులకు రాసే ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ సీట్లలో స్థానికత విషయం చిక్కవుతుంది. పంపే ముందే చెప్పండి. అలాగే మంచి మార్కులొచ్చిన పిల్లలకు, పదో తరగతి మార్కుల మీద సీటిచ్చే ట్రిపుల్ ఐటీ సంగతి చెప్పండి. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు అక్కడ 4 శాతం అదనంగా కలుపుతారు. ఈ విషయం తెలియక దరఖాస్తే పెట్టని ఇళ్లు ఉన్నాయి.

సంక్రాంతి తర్వాత లెక్క వేయండి. ఊరి వారీగా, ఆడ, మగ వారీగా చాలు. 40 మందిలో ఒక్క బిడ్డ అంటే 2.5 శాతం, కాబట్టి నిరుటికన్నా ఐదు శాతం పెరిగిందని గొప్పగా చెప్పొద్దు, అది ఇద్దరు పిల్లలు. మూడేళ్లు పక్కపక్కన పెట్టాక మాట్లాడండి. ఊరి లెక్కను పేరెంట్స్ కమిటీ ముందు, ఎంఈఓ (మండల విద్యాధికారి) ముందు, బస్సు సంగతైతే డిపో మేనేజర్ ముందు పెట్టండి. పేర్లు మాత్రం బయటికి పోకూడదు. వాట్సాప్ గ్రూపులో ఫొటో తీసి పెట్టడం అసలు చేయొద్దు. పెళ్లి, అప్పు, ఇంట్లో తాగుడు లాంటివి ఆ గడుల్లో ఉంటాయి. పుస్తకం బీరువాలో, తాళం హెడ్‌మాస్టర్ దగ్గర.

ఒక బ్యాచ్‌ని ఇంటర్ రెండో ఏడాది వరకూ, ఆ పైన డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల వరకూ పట్టుకుని పోవాలి. ఈలోగా మనకు బదిలీ రావచ్చు. ఛార్జ్ అప్పగించేటప్పుడు క్యాష్‌బుక్, స్టాక్ రిజిస్టర్లతో పాటు ఈ నోట్‌బుక్కునూ జాబితాలో రాసి సంతకం తీసుకోండి. కొత్తగా వచ్చినవాళ్లతో కూర్చుని, ఆగస్టులో మొదట ఫోన్ చేయాల్సిన ఐదారు పేర్లను వేలుపెట్టి చూపించండి.