ఇండోర్ సెల్ ప్లానింగ్ – 4వ పాఠం: టవర్ ఫ్రీక్వెన్సీనే లోపలా వాడొచ్చా?

పోయిన పాఠంలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (ఫోన్‌కి అందే సెల్ సిగ్నల్ బలం) చదవడం నేర్చుకున్నాం. ఈసారి ఆ అంకెను బట్టే నిర్ణయం తీసుకుందాం.

బెజవాడలో బెంజి సర్కిల్ దగ్గర, బందరు రోడ్డు మీద ఐదంతస్తుల ఆఫీసు బిల్డింగ్ ఉందనుకోండి. ఎదుటి టవర్ 1800 మెగాహెర్ట్జ్‌లో 4జీ ఇస్తోంది. లోపలి యాంటెన్నాలకూ అదే ఇస్తే ఉన్న స్పెక్ట్రమ్ రెండు చోట్లా పనికొస్తుంది.

ముందు హాలు మధ్యలో కొలవండి. మన సెల్ (లోపలి యాంటెన్నాల సిగ్నల్) మైనస్ 75 డీబీఎం, టవర్ మైనస్ 95; సున్నాకి దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ. తేడా 20 డీబీ, అంటే మన సిగ్నల్ వంద రెట్లు బలం. ఇక్కడ నిశ్చింతగా ఒకే ఫ్రీక్వెన్సీ వాడొచ్చు.

ఇప్పుడు రోడ్డు వైపు అద్దాల దగ్గరికి రండి. మనది మైనస్ 82, టవర్ మైనస్ 81. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండూ దాదాపు సమానం కాబట్టి ఒకదాన్నొకటి చెడగొడతాయి. ఫోన్‌లో గీతలు నిండుగానే ఉంటాయి, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఫోన్ కాసేపు మన సెల్‌కి, కాసేపు టవర్‌కి మారుతుంటుంది. అసలు చిక్కంతా ఈ అద్దాల దగ్గరే.

ఇక్కడ చాలామంది చేసే పని పవర్ పెంచడం. దయచేసి ఆ పని చేయకండి. సిగ్నల్ రోడ్డు మీదికి పోతుంది, కార్లలో వెళ్లేవాళ్ల ఫోన్లు మన సెల్‌ని పట్టుకుని, పది అడుగులు దాటగానే కాల్ కట్ అవుతుంది. దానికి బదులు డైరెక్షనల్ యాంటెన్నాను అద్దాల పక్కనే, ముఖం లోపలికి తిప్పి, తక్కువ పవర్‌తో పెట్టండి. అద్దాల దగ్గర మన సెల్ గెలుస్తుంది, బయటికి పోయేదీ తగ్గుతుంది.

టవర్ యాంటెన్నాకు ఎదురుగా ఉన్న పై అంతస్తుల్లో ఇదీ చాలకపోవచ్చు. అప్పుడు ఆ అంతస్తులకు వేరే క్యారియర్, అంటే వేరే ఫ్రీక్వెన్సీ, ఆపరేటర్ దగ్గరుంటే 2300 మెగాహెర్ట్జ్ లాంటిది, ఇవ్వాలి. గొడవ తీరుతుంది కానీ హ్యాండోవర్ (ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కి మారడం) కోసం ఫోన్ రెండో ఫ్రీక్వెన్సీని కూడా వెతకాలి, దానికి టైమ్ పడుతుంది.

మూడో దారి సమయాన్ని పంచుకోవడం. ఇది మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ రిలీజ్ 10లో వచ్చింది. ఒక్కో మిల్లీసెకను ఉండే సమయపు ముక్కలు, అంటే సబ్‌ఫ్రేముల్లో కొన్నింటిలో టవర్ డేటా పంపకుండా ఆగుతుంది, ఆ సందులో లోపలి సెల్ తన ఫోన్లకు పంపుకుంటుంది. రెండిటి గడియారాలూ కచ్చితంగా కలవాలి. బిల్డింగ్ లోపల జీపీఎస్ సరిగా అందదు కాబట్టి టైమింగ్‌ను ఫైబర్ మీదుగా తేవాలి.

అభ్యాసం: ఇండోర్ సెల్ ఉన్న బిల్డింగ్‌లో అద్దం నుంచి లోపలికి అడుగడుగునా రెండు సెల్స్ ఆర్‌ఎస్‌ఆర్‌పీ రాసుకోండి. తేడా 6 డీబీ కన్నా తక్కువున్న చోట ఎర్ర చుక్క పెట్టండి. ఎస్ఐఎన్ఆర్ (అడ్డొచ్చే సిగ్నళ్లు, నాయిస్‌తో పోలిస్తే మన సిగ్నల్ ఎంత బలమో చెప్పే అంకె) మాత్రం సాయంత్రం రద్దీలో కొలవండి, టవర్ ఖాళీగా ఉన్నప్పుడు అది బాగున్నట్టే కనిపిస్తుంది. ఆ చుక్కల మ్యాప్‌తో వచ్చే పాఠానికి రండి, యాంటెన్నాలు ఎక్కడ పెట్టాలో దాని మీదే గీద్దాం.