పాత ల్యాప్‌టాప్ బాగుచేద్దాం – 3: ఫ్యాను దుమ్ము, ఎండిన పేస్టు

పోయిన పాఠంలో హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) పెట్టాం కదా. అంత చేసినా పది నిమిషాలకే మళ్ళీ నత్తనడక పడితే అది వేడి పనే. ఇంటెల్ ప్రాసెసర్ (పనంతా చేసే చిప్) 100 డిగ్రీల దాపుకు కాగిందంటే మాడిపోకుండా తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. ఒంగోలు మే నెలలో ఏసీ లేని గదిలో అంత కాగడానికి పెద్ద పనేమీ అక్కర్లేదు.

మొన్న చీమకుర్తి నుంచి ఒక తమ్ముడు తన పాత డెల్ లాటిట్యూడ్ తెచ్చాడు, గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు రాస్తాడు. "అన్నా, ఆన్ చేస్తే బోరు మోటారులాగా మోగతా ఉంది" అన్నాడు. విప్పితే ఫ్యాను శుభ్రంగానే తిరుగుతోంది, గాలి బయటికి పోయే సన్నటి లోహపు రేకుల ముందు మాత్రం బూడిదరంగు దుమ్ము దుప్పటి ముక్కలా అట్టకట్టింది. దీన్ని బయట నుంచి ఊదితే ఇంకా లోపలికే పోతుంది, కాబట్టి విప్పాల్సిందే.

ముందు ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచండి, ప్రాసెసర్‌కీ, దాని వేడిని లాగే లోహపు భాగానికీ (హీట్ సింక్) మధ్య పూసిన పేస్టు కాస్త మెత్తబడుతుంది. తర్వాత ఆపి, ఛార్జర్ పీకి, బ్యాటరీ తీసి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కిపట్టండి. హీట్ సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి: విప్పేటప్పుడు 4 నుంచి వెనక్కి, బిగించేటప్పుడు 1 నుంచి ముందుకు, ఒక్కోటి కొంచెం కొంచెంగా. ఒకే స్క్రూని పూర్తిగా బిగించేస్తే ఒక పక్కే బరువు పడి చిప్ అంచు విరుగుతుంది (నా మొదటి మెషిన్ అలాగే పోయింది, ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు). హీట్ సింక్ అతుక్కుని రాకపోతే గుంజొద్దు, అటూ ఇటూ మెల్లగా తిప్పండి, ఊడుతుంది. ఫ్యాను వైరుని పట్టి లాగొద్దు, ప్లగ్గు పట్టుకోండి.

అట్టకట్టిన దుమ్ముని ట్వీజర్‌తో చాపలాగా ఎత్తేసి, మిగిలింది పాత టూత్‌బ్రష్‌తో దులపండి. బ్లోయర్ కొడితే ఫ్యాను రెక్కని వేలితో ఆపి కొట్టండి, గిర్రున తిరిగితే బేరింగ్ అరుగుతుంది. పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో చిప్ అద్దంలా మెరిసేదాకా తుడవండి. కొత్త పేస్టు చిప్ మీద బియ్యపు గింజంత చాలు. ఎక్కువేస్తే చుట్టూ కారి ఊరికే చిందరవందర.

వచ్చే పాఠంలో డీవీడీ డ్రైవ్ పీకేసి ఆ ఖాళీలో పాత హార్డ్ డిస్క్ పెడదాం. ఈలోగా మీ డ్రైవ్ మందం కొలిచి ఉంచండి, 9.5 మిల్లీమీటర్లా 12.7నా అని. ఆ ఖాళీలో హార్డ్ డిస్క్‌ని పట్టి ఉంచే ట్రే కొనేటప్పుడు అదే అడుగుతారు.